నాబ్ తిప్పి శ్రుతి చేసుకునే పాత పెట్టె

ముందే చెప్పేస్తాను, పాటకు ఆధారంగా సా, పాలను ఆగకుండా మోగించే ఈ ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఆన్ చేయగానే శ్రుతిలో ఉండదు. స్విచ్ వేశాక కాసేపు వేడెక్కాలి. ఈలోగా సా మెల్లగా జారుతూనే ఉంటుంది, మనం నాబ్ తిప్పి దాన్ని మళ్లీ చోటికి తెచ్చుకోవాలి. పాకి వేరే నాబ్, దాని తంటా దానిది. బటన్ నొక్కితే శ్రుతి వచ్చేసే డిజిటల్ పెట్టెలు వాడినవాళ్లకి ఇది చిరాకు తెప్పిస్తుంది. పదేళ్లు దాటినా నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం మాత్రం అదే.

కొన్నది చెన్నై మైలాపూరులో, లజ్ దగ్గర. బటన్ల పెట్టె అయినా, ఇదైనా ధరలో పెద్ద తేడా లేదు. మా టీచరుగారు తమిళావిడ. తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగులోనే, "బటన్ పెట్టె వద్దమ్మా, చెవికి బద్ధకం వస్తుంది" అన్నారు. అప్పుడది చాదస్తం అనిపించింది. ఇప్పుడు చెన్నైలో ఎవరు కొత్తగా సంగీతం మొదలుపెట్టినా నేనూ అదే చాదస్తం చేస్తున్నాను.

ఎందుకో చెప్తాను. నాది ఐదు శ్రుతి. అంటే సా దాదాపు 196 హెర్ట్జ్. దానికి ఒకటిన్నర రెట్లు, 294 దగ్గర పా ఉండాలి. నాబ్ తిప్పుతూ పాని దగ్గరికి తెస్తుంటే ముందు ధ్వని ఊగుతుంది: వావ్, వావ్, వావ్ అని. దగ్గరయ్యేకొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది, సరిగ్గా కుదిరిన చోట ఆగిపోతుంది. ఏ స్వరం మోగినా దానికి రెండింతలు, మూడింతల హెర్ట్జ్‌లో పై స్వరాలు కూడా సన్నగా మోగుతాయి, వాటినే అనుస్వరాలు అంటున్నాను. సా మూడో అనుస్వరం, పా రెండో అనుస్వరం రెండూ 588 దగ్గర కలవాలి కాబట్టి ఇలా జరుగుతుంది. ఆ రెంటికీ ఒక్క హెర్ట్జ్ తేడా ఉంటే సెకనుకు ఒక ఊపు వినిపిస్తుంది. ఈ లెక్క తెలియకపోయినా చెవి పట్టేస్తుంది. రోజూ పాటకు ముందు ఈ పని చేస్తే, పాటలో నా పా కిందికి దిగితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది.

కీబోర్డు లెక్కతో, అంటే స్థాయిని పన్నెండు సమాన మెట్లుగా పంచి, శ్రుతి చేసిన కొన్ని యాప్‌లలో ఇదే పా 293.66 దగ్గర ఉంటుంది. అప్పుడు మూడు సెకన్లకు దాదాపు రెండు ఊపులు. చాలామంది గమనించరు, నేనూ ఒకప్పుడు గమనించేదాన్ని కాదు. కానీ ఒకసారి చెవిన పడ్డాక భరించడం కష్టం.

యాప్ వాడలేదని కాదు. ఊరెళ్లినప్పుడు, రైల్లో మనసులో పాడుకునేటప్పుడు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే యాపే హాయి. ఇంట్లో మాత్రం ఫోన్ స్పీకరుతో నాకు పడదు. తంబూరాలో నాలుగో తీగ మంద్ర షడ్జం, అంటే కింది స్థాయి సా, నా శ్రుతికి అది 98 హెర్ట్జ్. ఆ అడుగు స్వరాన్ని పలికించే శక్తి ఫోన్‌లోని చిన్న స్పీకరుకు లేదు. పైన ఉన్న అనుస్వరాలు విని మన మెదడే కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. ఎంత గొప్ప మెదడైనా గంటసేపు ఆ చాకిరీ చేస్తే విసుగొస్తుంది. పైగా వాట్సాప్ మోతలు, అత్తయ్యగారి ఫోన్. బ్లూటూత్ స్పీకరు తగిలిస్తే అడుగు స్వరం వచ్చింది గానీ, భైరవి ఆలాపన మధ్యలో ఒక ఆడగొంతు ఇంగ్లిష్‌లో బ్యాటరీ అయిపోతోందని చెప్పింది. ఆవిడ శ్రుతిలో లేదు.

ఇంకో సంగతి. యాప్‌లలో నిజం తంబూరాను రికార్డు చేసి, ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పేవి ఉన్నాయి. వినగానే "అబ్బ, తంబూరా!" అనిపిస్తుంది. ఓ అరగంటకు ఆ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో తెలిసిపోతుంది, ఇక చెవి అక్కడే కాచుకుని కూర్చుంటుంది. నా పెట్టె తంబూరాలా అస్సలు పలకదు, హార్మోనియానికి జలుబు చేసినట్టుంటుంది. తంబూరాలా నటించదు కాబట్టి నా మనసు దాని మీదికి పోదు.

అసలు తంబూరాకు ఇవేవీ సాటిరావు, అది వేరే మాట. సి.వి. రామన్ 1921లో మన తీగ వాయిద్యాల మీద ఒక వ్యాసం రాశాడు. తీగను ఎక్కడ మీటితే అక్కడ కదలకుండా ఉండాల్సిన అనుస్వరాలు వినపడకూడదని పాత సూత్రం. తంబూరాలో, వీణలో అవి కూడా పలుకుతాయని ఆయన చూపించాడు. తీగలు ఆనుకునే బ్రిడ్జి బల్లపరుపుగా కాకుండా వంపుగా ఉండటం వల్ల వచ్చిన మహిమ అది. తంబూరాలో అయితే తీగ కింద దూర్చే దారప్పోగు, జీవాళి, తోడవుతుంది. దాన్ని వెంట్రుకవాసి జరిపితే ధ్వని విచ్చుకుంటుంది. రామన్ చదివింది ఇక్కడే, మెరీనా ఎదుటి ప్రెసిడెన్సీ కాలేజీలో. మార్గళి (ధనుర్మాసం) కచేరీలకు వెళ్లినప్పుడు పాటగాళ్ల వెనక కూర్చుని తంబూరా మీటే పిల్లలను చూస్తే నాకు ఈ వ్యాసమే గుర్తొస్తుంది. ఈ మధ్య వాళ్ల పక్కనే ఒక ఎలక్ట్రానిక్ పెట్టె కూడా ఉంటోంది. ఎలక్ట్రానిక్ తంబూరా బెంగళూరు సరుకే, వేణువు వాయించే ఇంజనీరు జి. రాజ్‌నారాయణ్ 1979లో చేశారు. నా పెట్టె ఆయన కంపెనీది కాదు, వేరే చిన్న తయారీదారుది.

ఇక లోపాలు. చెన్నై ఉప్పుగాలికి నాబ్‌ల లోపల తుప్పో దుమ్మో చేరి, తిప్పినప్పుడల్లా బరబరమంటాయి. ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌లో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొనుక్కుని, నాబ్ సందులో కొట్టి, అటూ ఇటూ గట్టిగా తిప్పితే మళ్లీ కొన్ని నెలలు బాగుంటుంది. పెన్సిల్ సెల్స్ వేసి మరిచిపోతే కారి, స్ప్రింగులు పచ్చబడతాయి. హిందోళం, శ్రీరంజని లాంటి పంచమం లేని రాగాలకు పా బదులు మధ్యమం పెట్టుకోవాలి. బటన్ పెట్టెలో అది ఒక్క నొక్కు, ఇందులో మళ్లీ మొదటినుంచీ శ్రుతి చేయాల్సిందే. క్లాసులో పిల్లలు ఎదురుచూస్తుంటే ఇది నిజంగా ఇబ్బంది. టీచర్లకు నేనీ పెట్టె చెప్పను.

సెల్స్‌తో నడవడం ఎంత మేలో మాత్రం 2023 డిసెంబరులో, మిచాంగ్ తుఫానప్పుడు తెలిసింది. కరెంటు లేదు, కింద వీధిలో నీళ్లు. ఫోన్లలో మిగిలిన ఛార్జింగ్ మాట్లాడటానికే దాచుకున్నాం. ఈ పెట్టె మాత్రం సాయంత్రాలు మోగింది. పై ఫ్లాటు తమిళ మామి కూడా దిగివచ్చి కూర్చుంది. ఆవిడకు వచ్చిన పాటలన్నీ తెలుగువే.

ఇప్పుడు పిల్లి సంగతి. కాకలి నిషాదం (పై సాకి ఆనుకుని ఉండే ని) మీద అరుస్తుందని దానికి కాకలి అని పేరు పెట్టాం. పెట్టెతో వచ్చిన పాత అడాప్టరు ఇటుకలా బరువుగా, వెచ్చగా ఉండేది. కాకలి దాని పక్కనే పడుకునేది. అది కాలిపోయాక ఒక తేలిక, చవక అడాప్టరు తెచ్చాను. నా చెవికి ఏ తేడా లేదు. కాకలి మాత్రం దాన్ని ఆన్ చేయగానే చెవులు వెనక్కి మడిచి గదిలోంచి వెళ్లిపోయేది.

మొదట నా పాట మీద అభిప్రాయం అనుకున్నాను. తర్వాత తట్టింది. ఈ తేలిక అడాప్టర్లు కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి, వదిలి పనిచేస్తాయి. ఆ వేగాన్ని మామూలుగా 20 వేల హెర్ట్జ్‌కు పైన పెడతారు, ఎందుకంటే మన చెవి అక్కడితో సరి. పిల్లి చెవి 60 వేలు దాటి వినగలదు. మనకు వినపడకుండా చేసిన ఏర్పాటు దానికి వర్తించదు. ఇది నా అనుమానమే, కొలిచి చూడలేదు. కానీ మళ్లీ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువు అడాప్టరు వెతికి తెచ్చాక కాకలి తిరిగొచ్చింది. ఈ బరువుదాంతో చిన్న గుయ్‌మనే మోత వస్తోంది, 50 హెర్ట్జ్ కరెంటు మోత. మాయామాళవగౌళ సరళీవరుసలు పాడితే పెద్దగా పట్టదు, మంద్రస్థాయిలో మెల్లగా ఆలపిస్తుంటే అడ్డుగానే ఉంటుంది. అప్పుడు సెల్స్ వేస్తాను.

2015లో అమెరికాలో పిల్లుల కోసమే సంగీతం కట్టి, మామూలు సంగీతంతో పోల్చి చూశారు. పిల్లుల గుర్రు, పాలు తాగే లయ పెట్టి కట్టిన పాటల దగ్గరికే అవి ఎక్కువగా వచ్చాయట. మా కాకలికి నా కల్యాణి రాగం అక్కర్లేదు, వెచ్చదనం చాలు. అప్పుడప్పుడూ పెట్టె మీదే కూర్చుని నాబ్ కదిపేస్తుంది, నేను పల్లవి మధ్యలో ఆపి మళ్లీ శ్రుతి చేసుకుంటాను.

ఇలాంటిది ఇప్పుడు కొత్తగా దొరకడం కష్టమే. ఎవరైనా పాతది అమ్ముతుంటే, ముందు సెల్స్ అర తెరిచి స్ప్రింగులు చూడండి. తర్వాత ప్రతి నాబ్‌నూ చివరిదాకా తిప్పి వినండి. బరబర ఉంటే పర్వాలేదు, స్ప్రేతో పోతుంది. తిప్పుతుంటే ధ్వని ఒక్కసారిగా ఆగిపోతే మాత్రం లోపల అరిగిపోయినట్టే, ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి. అరగంట మోగనిచ్చి, వేడెక్కాక కూడా సా జారుతోందేమో చూసి అప్పుడు డబ్బులివ్వండి.