మంత్రంతో రైలు నడిపితే టికెట్ డబ్బులు ఎవరికి? 'ఎబెరాన్: రైజింగ్ ఫ్రమ్ ది లాస్ట్ వార్' రివ్యూ

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు వేసుకుని ఆడే కథల ఆటల్లో, సొంతంగా ఫాంటసీ లోకం అల్లుకుని ఆట నడిపించే ప్రతి డంజన్ మాస్టర్‌కీ ఎప్పుడో ఒకప్పుడు ఈ దురద పుడుతుంది. కత్తులూ మంత్రాలూ ఉన్నచోట రైలు పెడితే? టెలిఫోన్ పెడితే? ఎక్కువమంది చేసేదేమిటంటే టోపీకి రెండు పళ్లచక్రాలు తగిలించి, గోడల నిండా ఆవిరి గొట్టాలు బిగించేస్తారు. బొమ్మ గీస్తే బాగానే ఉంటుంది. ఆట మొదలయ్యాక ఎవడో ఒకడు "ఈ గొట్టాల్లో ఏం పారుతోంది?" అని అడుగుతాడు, అక్కడితో సరి.

ఈ పుస్తకం నా చేతికొచ్చేసరికి నా లోకం అప్పటికే సగం కట్టేసి ఉంది. ఇందులో వర్ణించిన ఎబెరాన్ అనే లోకాన్ని ఉన్నదున్నట్టు ఆడించే ఉద్దేశం లేదు. చదివింది పూర్తిగా దొంగ చూపుతోనే, ఇందులోంచి ఏం ఎత్తుకుపోవచ్చా అని. కాబట్టి ఈ రివ్యూ కూడా ఆ దారిలోనే సాగుతుంది.

ముందు వివరాలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ కోసం 2019లో వచ్చింది, 320 పేజీలు, గట్టి అట్ట. ఎబెరాన్ లోకం మాత్రం అంతకన్నా పాతది. 2002లో ఈ ఆటని ప్రచురించే విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొత్త లోకం కోసం పోటీ పెడితే పదకొండు వేలకు పైగా ప్రతిపాదనలు వచ్చాయి, వాటిలో కీత్ బేకర్ పంపింది నెగ్గింది. దాని మొదటి పుస్తకం 2004లో వచ్చింది.

ఈ లోకంలో మహామాంత్రికులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. చిన్న మంత్రం తెలిసినవాళ్లు మాత్రం వీధి వీధికీ ఉంటారు. మేజ్‌రైట్ అంటే ఒకటి రెండు మంత్రాలు నేర్చుకుని వాటితోనే పొట్టపోసుకునే పనివాడు. మొత్తం పుస్తకానికి ఇదే పునాది. ఒక పనిని నేర్పించగలిగి, మళ్లీ మళ్లీ ఒకేలా చెయ్యగలిగి, డబ్బు తీసుకుని చేసిపెట్టగలిగితే అది టెక్నాలజీయే, లోపల తిరిగేది చక్రమైనా మంత్రమైనా.

ఇది ఎంత లోతుగా ఆలోచించారో తెలియాలంటే ఐదో అధ్యాయంలో మామూలు వస్తువులు చూడండి. క్లెన్సింగ్ స్టోన్ అని ఒకటుంది. అడుగు వెడల్పున్న గుండ్రటి రాయి, దాని మీద గుర్తులు చెక్కి ఉంటాయి. తాకి పనిచేయిస్తే ఒంటి మీదా బట్టల మీదా ఉన్న మురికి పోతుంది. అంతే, ఇంకేం చెయ్యదు. ఆండేర్ దేశంలో నలుగురూ తిరిగే కూడళ్లలో దిమ్మెల మీద పెడతారట, ఖరీదైన సత్రాల్లో ఉంటుందట. దీంతో ఏ రాక్షసుణ్ణీ చంపలేం, మా ఆటగాళ్లలో సగంమంది దీన్ని చదవకుండానే పేజీ తిప్పేస్తారు. నాకు మాత్రం ఒక ఊరు మొత్తం కనిపించింది. ఈ రాయి వచ్చాక బట్టలుతికి బతికేవాళ్లు ఏమయ్యారు? రాయి ఉన్న పేటకీ లేని పేటకీ మధ్య గొడవలు ఎలా ఉంటాయి? రక్తపు మరకలు కూడా పోతాయా? పోతే హత్య చేసినవాడు నేరుగా ఎక్కడికి పరిగెడతాడు?

అదే అధ్యాయంలో కృత్రిమ అవయవం కూడా ఉంది. పోయిన చెయ్యి స్థానంలో తగిలిస్తే అచ్చం చెయ్యిలాగే పనిచేస్తుంది. దాన్ని 'కామన్' వర్గంలో, అంటే మామూలుగా దొరికే వస్తువుల్లో పెట్టారు. వందేళ్లకు పైగా యుద్ధం నడిచిన లోకంలో కాళ్లూ చేతులూ పోయినవాళ్లు ఎంతమంది ఉంటారో లెక్కేసుకున్నవాడే దాన్ని అరుదైన నిధుల్లో కాకుండా ఇక్కడ పెడతాడు.

ఇక నేను నిజంగా దోచుకున్న భాగం డ్రాగన్‌మార్క్ ఇళ్లు. కొన్ని కుటుంబాలవాళ్ల ఒంటి మీద వంశపారంపర్యంగా వచ్చే గుర్తులు, ఒక్కో గుర్తుకి ఒక్కో శక్తి, ఆ శక్తి చుట్టూ ఒక్కో వ్యాపారం. లైట్నింగ్ రైల్ హౌస్ ఓరియన్ది. దారి పొడవునా పరిచిన కండక్టర్ స్టోన్ల మీదుగా, వాటిని తాకకుండా తేలుతూ బళ్లు పోతాయి. ఎయిర్‌షిప్పులు హౌస్ లిరాండార్వి. ఓడని నడిపే చక్రం ఆ ఇంటి గుర్తయిన మార్క్ ఆఫ్ స్టార్మ్ ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ లొంగదు. అంటే ఓడని దొంగిలిస్తే సరిపోదు, దాన్ని నడిపే మనిషిని కూడా ఎత్తుకురావాలి. ఒక్క నియమంతో ఎన్ని కథలు పుడతాయో చూడండి. పైగా కోర్త్ శాసనాల ప్రకారం ఈ ఇళ్లు భూమిని ఏలకూడదు, రాజబిరుదులు పెట్టుకోకూడదు. ఆ శాసనాలు చేసిన రాజ్యమే యుద్ధంలో ముక్కలైపోయింది, ఇప్పుడు వాటిని అమలు చేసేదెవరు? పుస్తకం ఈ ప్రశ్నని మన ఒళ్లో పడేసి ఊరుకుంటుంది. నాకు కావాల్సిందీ అదే.

నా లోకంలో దూరానికి కబురు పంపడానికి కంచు గంటలున్నాయి. ఒక గంట దగ్గర మాట్లాడితే దాని జతగంటలో వినిపిస్తుంది. ఊహ బాగుంది కానీ కథల్ని మింగేసేది. ఊళ్లో హత్య జరిగితే గంట, పొరుగు సైన్యం కదిలితే గంట, సరిహద్దు దాటకముందే అందరికీ అన్నీ తెలిసిపోయేవి. దానికి ఈ ఇళ్ల లెక్క వేశాను. ఒకే పోతలో పోసిన రెండు గంటలే జత అవుతాయి. పోత పోసే విద్య ఒక్క సంఘానిది. ప్రతి జతలో ఒక గంట ఆ సంఘం గదిలోనే వేలాడుతుంది. కాబట్టి ఏ కబురైనా ఆ గదిలో కూర్చున్న గుమాస్తా విని, ఇంకో గంటలోకి తిరిగి చెప్పాల్సిందే. ఆ తర్వాతి ఆటలో మావాళ్లు తప్పిపోయిన యువరాజుని వెతకడం మానేసి ఆ గుమాస్తా వెంట పడ్డారు. "అన్నా, రాత్రి ఉత్తరపు గంటలో ఏం విన్నావో చెప్పు, పిల్లల చదువులు మేం చూసుకుంటాం" అని ఒకడు బేరం మొదలెట్టాడు. గుమాస్తాకి అప్పటికి పేరు కూడా లేదు. ఇప్పుడు అతనే మా కథలో అందరికన్నా ప్రమాదకరమైన మనిషి.

ఇంకో మంచి ఎత్తుగడ షార్న్ నగరంలో ఉంది. మైలు ఎత్తున్న గోపురాల నగరం అది. అక్కడి నేలకి సిరానియా అనే మరో లోకంతో సంబంధం ఉండటం వల్ల ఎగిరే మంత్రాలు బాగా పనిచేస్తాయి, గోపురాలు నిలబడేదీ అందుకే. అక్కడ తిరిగే స్కైకోచ్‌లు నగరం దాటితే పనిచెయ్యవు. సొంత లోకాల్లో మనకి వచ్చే పెద్ద తలనొప్పి, ఒకచోట కనిపెట్టింది లోకమంతా ఎందుకు పాకలేదు అన్న ప్రశ్న. దానికి ఇంతకన్నా సులువైన జవాబు నాకు తెలీదు. యంత్రాన్ని చోటుకి కట్టెయ్యండి. నగరం అడుగున కాగ్స్ అనే కార్ఖానాల పేట, ఒకప్పుడు కూలిపోయిన గ్లాస్ టవర్, పై అంతస్తుల్లో డబ్బున్నవాళ్లు. ఈ అధ్యాయం మొత్తం చదివించేలా ఉంది.

వార్‌ఫోర్జ్‌డ్ గురించి కాస్త ఆగి చెప్పాలి. హౌస్ కానిత్ యుద్ధం కోసం తయారుచేసిన, బుద్ధి ఉన్న యంత్రసైనికులు వీళ్లు. యుద్ధాన్ని ముగించిన థ్రోన్‌హోల్డ్ ఒప్పందం వీళ్లకి స్వేచ్ఛ ఇచ్చింది, వీళ్లని పుట్టించే కొలుముల్ని మాత్రం ఆపెయ్యమంది. అంటే ఒకే కాగితం మీద విముక్తీ ఉంది, వంశనాశనమూ ఉంది. మామూలుగా వీళ్ల వయసు రెండేళ్ల నుంచి ముప్పై ఏళ్లు. రెండేళ్ల వయసులో యుద్ధం చూసి, పనిలేకుండా వీధిన పడ్డ సైనికుణ్ణి ఆడించడం ఎలా ఉంటుందో ఊహించండి. 'రోబో' అని ఒక్క ముక్కలో తేల్చేసే అవకాశం ఉన్నచోట ఇంత దూరం వెళ్లినందుకు ఈ పుస్తకానికి దండం పెట్టాలి.

రూల్స్ దగ్గర మాత్రం జాగ్రత్త. వార్‌ఫోర్జ్‌డ్‌కి తిండీ నీళ్లూ గాలీ అక్కర్లేదు, రోగాలు రావు, ఆర్మర్ క్లాస్‌కి, అంటే దెబ్బ తగలకుండా కాచే అంకెకి, ఒకటి ఊరికే కలుస్తుంది. కవచం ఒంట్లో కలుపుకోడానికీ విడదీయడానికీ గంట పడుతుందన్నది చిన్న అడ్డంకి. నీళ్లలో మునిగిన గుడి, విషవాయువు నిండిన సొరంగం, ఎడారి ప్రయాణం లాంటివి మీ కథకి ముఖ్యమైతే ముందే ఆలోచించుకోండి.

అసలు నిరాశ ఆర్టిఫిసర్ క్లాస్‌తో, అంటే వస్తువుల్లో మంత్రం నింపే పాత్రవృత్తితో. ఆట మూల రూల్స్ ఉన్న 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ తర్వాత ఐదో ఎడిషన్‌లోకి వచ్చిన మొదటి కొత్త క్లాస్ కావడంతో చాలా ఆశపడ్డాను. మొదటి లెవెల్ ముచ్చటగా ఉంది. చిన్న వస్తువులో ఆరు సెకన్ల మాట రికార్డు చేసి పెట్టొచ్చు, దాంతో మావాడొకడు కాపలావాళ్లని ఏడిపించిన తీరు ఇంకా చెప్పుకుంటాం. ఆ తర్వాత పైపూత తీసేస్తే కింద కనిపించేది మామూలు మాంత్రికుడే. రోజుకి ఇన్ని మంత్రాలే అని లెక్కగట్టే అవే స్పెల్ స్లాట్లు, అవి మళ్లీ నిండటానికి అదే రాత్రి నిద్ర. చేతిలో సుత్తి ఉంది కదా, ఈ మంత్రాన్ని సుత్తితో చేశానని వర్ణించుకోమంటుంది పుస్తకం. వర్ణన నేనూ చేసుకోగలను, దానికి రూల్ పుస్తకం ఎందుకు?

ఆర్టిఫిసర్లలో ఒక రకమైన ఆల్కెమిస్ట్ సంగతి మరీ విడ్డూరం. నిద్రలేచాక ఉచితంగా ఒక మందు తయారవుతుంది, అది ఏమిటన్నది ఆరుముఖాల డైస్ చెబుతుంది. గాయం మాన్పేదా, ఎగిరించేదా అన్నది అదృష్టం. కావాల్సింది ఎంచుకోవాలంటే స్పెల్ స్లాట్ ఖర్చు చెయ్యాలి. తను కాచిన మందేమిటో తనకే తెలియని రసవాది దగ్గర ఎవరైనా మందు తాగుతారా? ఇక పదకొండో లెవెల్లో వచ్చే స్పెల్-స్టోరింగ్ ఐటమ్ నిజంగా గొప్ప ఆలోచన. చిన్న మంత్రాన్ని వస్తువులో నింపేస్తే, మంత్రం ముక్క తెలియనివాడు కూడా దాన్ని వాడొచ్చు. టెక్నాలజీ అంటే అదే కదా! దాన్ని పదకొండో లెవెల్ దాకా దాచిపెట్టారు. మా ఆటలు అంతదాకా వెళ్లేది అరుదు. నా లోకంలో దీన్ని కుదించి ఐదో లెవెల్‌కే ఇచ్చేశాను, రోజుకి ఒక్కసారే పనిచేస్తుంది, ఆటేమీ కూలిపోలేదు.

ఆటగాడు తనంతట తాను ఒక కొత్త యంత్రం కనిపెడతానంటే ఎన్నాళ్లు పడుతుంది, ఏం తగలెయ్యాలి, విఫలమైతే ఏమవుతుంది అన్నదానికి ఇక్కడ సరైన దారి లేదు. అది మీరే రాసుకోవాలి.

ఈ లోకంలో జరిగిన మౌర్నింగ్ అనే మహావిపత్తు గురించి రెండు మాటలు. సైరే అనే దేశం మొత్తం ఒక్క రోజులో నాశనమైపోతుంది. ఎందుకన్నది కావాలనే చెప్పలేదు, డంజన్ మాస్టర్ ఇష్టానికి వదిలేశారు. ఆయుధమా, ప్రమాదమా తెలియక మిగిలిన దేశాలన్నీ భయంతో యుద్ధం ఆపేశాయి. కొందరికి ఇది ఎగ్గొట్టినట్టు అనిపిస్తుంది. నాకైతే జవాబు అచ్చేసి ఉంటే దాన్ని కొట్టేసి ఖాళీ పెట్టుకునేవాణ్ణి.

దేశాల వర్ణన ఉన్న రెండో అధ్యాయం పేర్ల వరద. సొంత లోకం ఉన్నవాళ్లు పైపైన తిరగేస్తే చాలు. గ్రూప్ పేట్రన్ల భాగం బాగుంది, వార్తాపత్రిక, విశ్వవిద్యాలయం లాంటివి జట్టుకి యజమానులుగా ఉంటే ఆట ఎలా మారుతుందో చెబుతుంది. అచ్చు వార్తాపత్రికలాగే వేసిన షార్న్ ఇన్‌క్విజిటివ్ పేజీలు మీరూ కాపీ కొట్టదగ్గవి. ఆరో అధ్యాయంలో రాక్షసులు పర్వాలేదు.

ఇంతకీ కొనాలా? మీ లోకంలో మంత్రంతో నడిచే ఒక్క వస్తువైనా ఉండి, దాని చుట్టూ కథ ఎలా తిప్పాలో తోచకపోతే కొనండి. మొదట ఇళ్ల భాగం, తర్వాత ఐదో అధ్యాయం, ఆపైన షార్న్, ఈ వరసలో చదవండి. యంత్రాలు తయారుచేసే రూల్స్ కోసమే అయితే వద్దు, డబ్బు దండగ. ఆట రూల్స్ అసలే తెలియనివాళ్లు మొదట ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ తెచ్చుకోవాలి, అది లేకుండా ఇందులో సగం పేజీలు అర్థం కావు.