పిట్స్‌బర్గ్ వెళ్తే క్లెమెంటే కోసం ఒక రోజు ఉంచుకోండి

అమెరికా తూర్పు వైపు ఉండే తెలుగువాళ్లు పిట్స్‌బర్గ్ వెళ్లేది ఎక్కువగా పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడికే. 1976 నాటి గుడి అది. దర్శనం చేసుకుని, క్యాంటీన్‌లో పులిహోర తిని కారెక్కేస్తాం. ఈసారి మేం ఇక్కడి పైరేట్స్ జట్టుకు ఆడిన బేస్‌బాల్ ఆటగాడు రొబెర్టో క్లెమెంటే కోసం ఇంకాస్త ఆగాం. మా అబ్బాయి స్కూల్ టీమ్‌లో రైట్ ఫీల్డ్ (మైదానం కుడివైపు దూరంగా ఉండే ఫీల్డింగ్ చోటు) ఆడతాడు, క్లెమెంటే ఆడిన చోటు అదే.

ముందు చూడాల్సింది ఊళ్లోనే లారెన్స్‌విల్ అనే పేటలో ఉన్న క్లెమెంటే మ్యూజియం. పాత ఫైర్ స్టేషన్‌లో పెట్టారు. టూర్ ముందే బుక్ చేసుకోవాలి, గైడ్ వెంట ఉండి చూపిస్తారు. ఆయన బ్యాట్లు, జెర్సీలు, ఫొటోలు దగ్గర నుంచి చూడొచ్చు. 1934లో ప్యూర్టోరికోలో పుట్టాడు, తండ్రి చెరకు తోటల్లో మేస్త్రీ. 1955లో పైరేట్స్ జట్టులోకి వచ్చి 18 సీజన్లూ అక్కడే ఆడాడు. నాలుగుసార్లు బ్యాటింగ్ టైటిల్, మంచి ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్‌లు 12, బేస్‌బాల్ ఫైనల్ పోరు వరల్డ్ సిరీస్‌లో రెండు విజయాలు. బౌండరీ దగ్గర నుంచి నేరుగా వికెట్లకు తగిలే త్రో ఊహించుకోండి, ఆయన చెయ్యి అలాంటిది.

నన్ను కదిలించింది మాత్రం వేరే సంగతి. ఆయన నల్లవాడు, మాతృభాష స్పానిష్. పత్రికలవాళ్లు ఆయన ఇంగ్లిష్ యాసను అలాగే అచ్చువేసి చిన్నబుచ్చేవారు. ఆటగాళ్ల బొమ్మలతో వచ్చే బేస్‌బాల్ కార్డుల మీద ‘బాబ్’ అని రాసేవారు. ఆయన రొబెర్టో అనే పిలవమన్నాడు. 1971 వరల్డ్ సిరీస్ గెలిచాక టీవీ మైకు ముందు మొదట స్పానిష్‌లోనే మాట్లాడాడు, అమ్మానాన్నల ఆశీర్వాదం అడిగాడు. పరాయి దేశంలో బతికే మనకు ఆ ధైర్యం విలువ తెలుసు.

తర్వాత ఊళ్లోనే ఉన్న ఓక్లండ్ పేట. పైరేట్స్ పాత మైదానం ఫోర్బ్స్ ఫీల్డ్ ఇప్పుడు లేదు, యూనివర్సిటీ భవనాలు వచ్చాయి. పోస్వార్ హాల్ నేలలో గాజు కింద హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోట ఉండే పలక) ఉంది, బయట పాత ఇటుక గోడ కొంత మిగిలింది. టికెట్ లేదు. అరగంట చాలు. పార్కింగ్ దొరకడం మాత్రం కష్టం, బస్సులో వెళ్లడం నయం.

సాయంత్రం పైరేట్స్ ఇప్పటి మైదానం పీఎన్‌సీ పార్క్‌లో మ్యాచ్. డౌన్‌టౌన్ నుంచి క్లెమెంటే వంతెన మీదుగా నడిచి వెళ్లండి, మ్యాచ్ ఉన్నప్పుడు దాని మీద కార్లను ఆపేస్తారు. నడవలేని పెద్దవాళ్లుంటే డౌన్‌టౌన్ నుంచి నార్త్ సైడ్ స్టేషన్ వరకు లైట్ రైలు ఉచితం. వంతెన దిగగానే ఆయన విగ్రహం. ఆయన జెర్సీ నంబర్ 21 కాబట్టి రైట్ ఫీల్డ్ గోడను 21 అడుగుల ఎత్తు కట్టారు. ఆ పక్క సీట్లు తీసుకోండి.

1972 సెప్టెంబర్ 30న ఆయన 3,000వ హిట్ (బంతిని కొట్టి బేస్ చేరడం) కొట్టాడు. డిసెంబర్‌లో నికరాగ్వాలో భూకంపం. పంపిన సాయం సైనికుల చేతుల్లోకి పోతోందని విని, 31న రాత్రి తానే సరుకులతో బయల్దేరాడు. మోయలేనంత బరువు ఎక్కించిన ఆ విమానం ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ నుంచి లేచిన కాసేపటికే సముద్రంలో కూలింది. వయసు 38. శరీరం కూడా దొరకలేదు. గొప్ప ఆటగాళ్లకు ఇచ్చే గౌరవం హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఆట ఆపాక ఐదేళ్లు ఆగాలన్న నియమాన్ని ఆయన కోసం పక్కనపెట్టారు. మా వాడు మ్యూజియంలో ఇది విన్నాక చాలాసేపు మాట్లాడలేదు.

బస విషయానికొస్తే, మేం దిగిన డౌన్‌టౌన్ హోటల్‌లో గది బాగుంది కానీ పార్కింగ్ డబ్బులు విడిగా వేశారు, బుకింగ్ అప్పుడు ఎక్కడా స్పష్టంగా చెప్పలేదు. ఉదయం టిఫిన్‌లో శాకాహారులకు బ్రెడ్డు, పళ్లే దిక్కు. పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్తే ఊరి శివారులోని మన్రోవిల్‌లో దిగడం మేలు. గుడి దగ్గరే, తినడానికి ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి. కాకపోతే ఊళ్లోకి వచ్చేటప్పుడు స్క్విరెల్ హిల్ టన్నెల్ దగ్గర ట్రాఫిక్ టెన్షన్ తప్పదు, మ్యూజియం టూర్ టైమ్‌కి బాగా ముందే బయల్దేరండి. స్ట్రిప్ డిస్ట్రిక్ట్‌లోని హైంజ్ హిస్టరీ సెంటర్‌లో కూడా స్పోర్ట్స్ మ్యూజియం ఉంది, మంచిదే. రెండింటికీ టైమ్ లేకపోతే క్లెమెంటే మ్యూజియమే చూడండి.