వేలిముద్ర ఒక్కసారా, ప్రతిసారా, అసలు అక్కర్లేదా? రోగుల డేటాతో పరిశోధనకు ఏది మేలు

ఓ ఆస్పత్రి ఓపీలో నా ముందు కూర్చున్న పెద్దావిడ చేతిలో ఆరు పేజీల ఫారం పెట్టి, సిస్టర్ ఇంకుప్యాడ్ ముందుకు జరిపింది. ఆవిడ అడిగింది ఒక్కటే, "ఎక్కడ వెయ్యాలమ్మా?" తన రిపోర్టులు, స్కాన్లు ఇకమీదట ఏ పరిశోధనకైనా వాడుకోవచ్చని ఆ ఫారంలో ఉంది. దీన్నే బ్రాడ్ కన్సెంట్ అంటారు.

ఇలా కాకుండా ప్రతి పరిశోధనకీ విడిగా అడగడం న్యాయంగానే అనిపిస్తుంది. కానీ టీబీని గుర్తుపట్టడం ఏఐకి నేర్పడానికి పదేళ్ల కిందటి ఎక్స్‌రేలు వేలల్లో కావాలంటే ఆ మనుషుల్ని ఎక్కడని వెతుకుతాం, నంబర్లు మారిపోయుంటాయి, కొందరు బతికే ఉండరు. అందుకే మూడో దారి: పేరూ ఊరూ తీసేసి, ఎథిక్స్ కమిటీ (పరిశోధన రోగులకు న్యాయంగా ఉందో లేదో చూసే సంఘం) ఒప్పుకుంటే అడక్కుండానే వాడుకోవడం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు దీనికి వీలిచ్చాయి.

సంతకం ఉంటే చాలనుకునేవాళ్లు ఖమ్మం సంగతి గుర్తు చేసుకోవాలి. 2009లో అక్కడ 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందితో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా అధ్యయనం మొదలుపెట్టారు, 2010లో ఆపేశారు. టీకా మంచిదా కాదా అన్నది వేరే మాట. హాస్టల్ పిల్లల ఫారాల మీద చాలావాటికి సంతకం పెట్టింది అమ్మానాన్నలు కాదు, వార్డెన్లు! 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

నన్నడిగితే పాత రికార్డులకు కమిటీ దారే మేలు. కొత్తగా తీసుకునేవాటికి బ్రాడ్ కన్సెంట్ సరే, కానీ తర్వాత వద్దనుకుంటే మానుకునే వీలుండాలి, నోటితో తెలుగులో చెప్పాలి. జన్యువుల డేటా అయితే మాత్రం ప్రతిసారీ అడగాల్సిందే. నల్లమలలో నలభై గడపల చెంచు గూడెం నుంచి తీసుకున్న డేటాలో పేర్లు కొట్టేసినంత మాత్రాన అది ఎవరిదో తెలియకుండా పోతుందా? దక్షిణాఫ్రికాలో శాన్ అనే ఆదివాసీ జనం 2017లో సొంత నియమావళి రాసుకున్నారు, పరిశోధకులు ముందు వాళ్ల మండలి దగ్గరికి రావాలి. మనకూ అలాంటిది కావాలి.

ఇక కమిటీల సంగతి. 7 నుంచి 15 మంది ఉండాలి, అధ్యక్షులు బయటి సంస్థవాళ్లై ఉండాలి, డాక్టరు కాని మామూలు మనిషి ఒకరుండాలి అని ఐసీఎంఆర్ రాసింది, బాగుంది. ఆ మామూలు మనిషికి మీటింగుకి వారం ముందే ఒక్క పేజీ తెలుగులో రాసిచ్చి, ఆయన అడిగినవాటికి జవాబు చెప్పేదాకా అనుమతి ఇవ్వకూడదు.