స్ట్రీట్‌ఫైటర్ వీ4 ఎస్: 208 గుర్రాల్లో రోడ్డు మీదకొచ్చేవి కొన్నే

ముందే చెప్పేస్తున్నా, ఈ డుకాటి బైకు పవర్ మొత్తాన్ని నేను రోడ్డు మీద ఏనాడూ వాడలేదు. వాడానని ఎవరైనా చెప్తే నమ్మకండి. 1103 సీసీ ఇంజిన్, 12,750 ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 208 హార్స్‌పవర్. మొదటి గేర్‌లోనే వేగం నూరు దాటేస్తుంది, రెండో గేర్ పూర్తిగా లాగితే లైసెన్సు మీద ఆశ వదులుకోవాలి. కింది గేర్లలో టార్క్‌ను, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని, ఎలక్ట్రానిక్స్ కొంత బిగించి ఉంచుతాయి, అయినా అంతే. అందుకే చాలాకాలం నడిపాక కూడా ఈ డుకాటిని అమ్మకుండా ఉంచుకోవడానికి నాకున్న కారణాల్లో హార్స్‌పవర్ లేదు. బ్రేకులు, మలుపులు, 6,000 ఆర్పీఎం పైన ఇంజిన్ గొంతు, ఈ మూడే కారణాలు.

ఇది డుకాటి పానిగాలే వీ4 అనే రేసు తరహా బండికి ఫెయిరింగ్ (గాలిని అడ్డుకునే తొడుగు) తీసేసి, వెడల్పాటి హ్యాండిల్ బిగించిన రూపం. 2020లో అమ్మకానికొచ్చింది, నేను చెప్పే లెక్కలన్నీ ఆ మొదటి తరం బండివే. గుణం కూడా అక్కడిదే. గరిష్ఠ టార్క్ 123 న్యూటన్ మీటర్లు, అదీ 11,500 ఆర్పీఎం దగ్గర. కాబట్టి 4,000 లోపు ఇంజిన్ కాస్త ముభావంగానే ఉంటుంది. తక్కువ వేగంలో పెద్ద గేర్ వేసి లాగుదామంటే గునుస్తుంది, ఒక గేర్ దించాల్సిందే. 6,000 దాటగానే మాత్రం బండి మారిపోతుంది. నాలుగు సిలిండర్లున్నా శబ్దం ఇతర నాలుగు సిలిండర్ల బళ్లలా సన్నగా ఉండదు. రెండు సిలిండర్లు వెంటవెంటనే పేలతాయి, కాస్త ఆగి మిగతా రెండూ అలాగే పేలతాయి. ఆ ఎడం వల్ల పాత డుకాటి రెండు సిలిండర్ల బళ్ల దడదడే ఇంకా వేగంగా వినిపిస్తుంది. వెనక టైరుకు కూడా ఆ చిన్న విరామంలో పట్టు దొరుకుతుంది. త్రాటిల్ తెరిచినప్పుడు టైరు ఎంత పట్టుకుందో సీటు కిందే తెలుస్తుంటుంది.

ఇంజిన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది కంటికి కనపడని భాగం. మామూలుగా పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, చక్రాలు తిరిగే వైపే తిరుగుతుంది. దీన్లో ఎదురు తిరుగుతుంది. మోటోజీపీ రేసు బళ్ల నుంచి వచ్చిన పద్ధతి ఇది. చక్రాలు తిరుగుతూ బండిని నిటారుగా పట్టి ఉంచే బలాన్ని ఈ ఎదురు తిరుగుడు కొంత తగ్గిస్తుంది. గట్టిగా లాగినప్పుడు ముందు చక్రం లేచిపోవడమూ తగ్గుతుంది. కాగితం మీద చదివితే చిన్న విషయంలాగే ఉంటుంది. ఘాట్ రోడ్డులో ఎస్ వంపు వస్తే తేడా తెలుస్తుంది. కుడికి వాల్చిన బండిని ఎడమకి తిప్పడానికి హ్యాండిల్ మీద కాస్త ఒత్తిడి చాలు. పెట్రోలుతో కలిపి దాదాపు 200 కిలోలున్న బండి అంత తేలిగ్గా పక్క మారుతుందని మొదట్లో నమ్మబుద్ధి కాదు. ఎస్ మోడల్‌లో ఓలిన్స్ ఎలక్ట్రానిక్ సస్పెన్షన్, తేలికైన ఫోర్జ్‌డ్ చక్రాలు వస్తాయి. గతుకుల్లో స్పోర్ట్ మోడ్ నడుముకు మంచిది కాదు. స్ట్రీట్ మోడ్‌లో పెట్టుకుంటే భరించొచ్చు.

బ్రెంబో స్టైలిమా బ్రేకుల గురించి ఒక్క మాట: ఒక వేలు చాలు. ఎంత నొక్కితే అంతే ఆగుతుంది, ఎక్కువా కాదు తక్కువా కాదు. వంపులో వాలి ఉండగా భయపడి లివర్ నొక్కినా, బండి ఎంత వాలిందో చూసుకుని ఏబీఎస్ పని చేస్తుంది. క్లచ్ పట్టకుండానే గేర్ మార్చే క్విక్‌షిఫ్టర్ తక్కువ వేగంలో కాస్త మొరటు. నెమ్మదిగా వెళ్లేటప్పుడు నేను ఇప్పటికీ క్లచ్ పట్టే గేర్ మారుస్తాను.

ఇక వేడి. ఈ బండి గురించి ఎవరు ఎంత పొగిడినా, ఇది చెప్పకపోతే అది సమీక్ష కాదు. వెనక రెండు సిలిండర్లు సరిగ్గా తొడల కింద ఉంటాయి. ఇంజిన్ వేడెక్కి బండి ఆగి ఉన్నప్పుడు వెనక సిలిండర్లు పేలడం ఆపేస్తాయి, ముందు రెండే నడుస్తాయి. సిగ్నల్ దగ్గర నిలబడి వింటుంటే ఉన్నట్టుండి శబ్దం సగమవుతుంది. క్లచ్ వదిలి త్రాటిల్ తిప్పగానే మళ్లీ నాలుగూ అందుకుంటాయి. మంచి ఏర్పాటే, కానీ అప్పటికే వేడెక్కిన లోహం వేడెక్కినట్టే ఉంటుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో కుడి తొడ ఎడమ తొడ తేడా లేకుండా ఇస్త్రీ పెట్టె పక్కన కూర్చున్నట్టుంటుంది. పల్చటి జీన్స్‌తో ఎక్కకండి. రైడింగ్ ప్యాంటు వేసుకుంటే మండదు, ఉడుకుతుంది.

రెక్కల సంగతి కూడా అడుగుతుంటారు. ట్యాంకు ముందు ఇరుపక్కలా ఒకదాని కింద ఒకటి ఉండే ఆ రెక్కలు గంటకు 270 కిలోమీటర్ల వేగంలో బండిని కిందికి నొక్కే 28 కిలోల ఒత్తిడి ఇస్తాయని కంపెనీ లెక్క. నా రోడ్ల మీద వాటికి ఉద్యోగం లేదు. రెండు రెక్కల మధ్య ఇరుక్కుని ఎండిపోయిన పురుగుల్ని మాత్రం ప్రతిసారీ తడిగుడ్డ చుట్టిన వేలితో గీకాలి. అయినా అవి లేని స్ట్రీట్‌ఫైటర్‌ను ఊహించుకుంటే ఏదో వెలితిగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. ఎడమవైపు నుంచి చూస్తే వెనక చక్రాన్ని ఒకే పక్క నుంచి పట్టుకునే ఒక్క చేతి స్వింగార్మ్, కుడివైపు నుంచి చూస్తే పూర్తిగా బయటపడ్డ వెనక చక్రం. బండి పార్క్ చేశాక తిరిగి చూడకుండా వెళ్లడం ఇంకా అలవాటు కాలేదు.

రోజువారీ విషయాలు గబగబా చెప్పేస్తాను. నా మోడల్‌కు 16 లీటర్ల ట్యాంకు. హుషారుగా నడిపితే రెండు వందల కిలోమీటర్లు రాకముందే లైటు వెలుగుతుంది. 845 మిల్లీమీటర్ల సీటు పొట్టివాళ్లకు కష్టం. వెనక సీటు పేరుకే ఉంది, మా ఆవిడ ఒకసారి ఎక్కి మళ్లీ ఎక్కలేదు. వెనక టైరు మెత్తటిది, హైవే మీద ఎక్కువ తిరిగితే మధ్యలో చదునుగా అరిగిపోతుంది.

సర్వీసుకు 12,000 కిలోమీటర్ల గడువు, వాల్వ్ (ఇంజిన్‌లోకి గాలిని పంపి, పొగను వదిలే తలుపు) చెకప్ 24,000కి. ఆ చెకప్ ఖర్చుకు కారణం డెస్మో పద్ధతి. స్ప్రింగులకు బదులు వాల్వులను రాకర్లనే చిన్న మీటలే మూస్తాయి కాబట్టి తెరిచే వైపూ మూసే వైపూ రెండు సందులు కొలవాలి. 1956లో ఇంజనీరు ఫాబియో తలియోని డుకాటి రేసు బండిలో పెట్టిన పద్ధతి ఇది, ఆ ఇంటి పరువు. తమాషా ఏంటంటే, అదే కంపెనీ మల్టీస్ట్రాడా వీ4లో స్ప్రింగులే వాడి వాల్వ్ చెకప్‌ను 60,000 కిలోమీటర్లకు జరిపింది. రోజూ దూరం తిరిగేవాళ్లకు ఏది మేలో వాళ్లకే తెలిసినట్టుంది.

హాయిగా దూరం వెళ్లాలంటే అప్రీలియా టువోనో వీ4 చూడండి. ముందు చిన్న ఫెయిరింగ్ ఉంటుంది, గాలి గుండెకు తగలదు. స్ట్రీట్‌ఫైటర్ మీద హైవేలో 120 దాటితే మెడే గాలితో కుస్తీ పట్టాలి. నాకు ఉదయాన్నే ఖాళీ ఘాట్ రోడ్డు ముఖ్యం కాబట్టి ఇదే ఎంచుకున్నాను. మీరు టెస్ట్ రైడ్‌కు వెళ్తే ఖాళీ రోడ్డు అడగొద్దు, మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లో అరగంట ఇమ్మనండి. తొడలు కాలాక కూడా దిగబుద్ధి కాకపోతే అడ్వాన్స్ కట్టేయొచ్చు.