లెట్రోజోల్‌తోపాటు మూడేళ్లుగా నేను వాడిన నొప్పి మాత్రలు

రొమ్ము క్యాన్సర్‌కు 2021లో శస్త్రచికిత్స, ఆపైన కీమో, రేడియేషన్ అయ్యాక, ఐదేళ్లపాటు రోజూ వేసుకోమని, ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌ను తగ్గించే లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాముల మాత్ర నాకు రాశారు. మూడు నెలలు తిరిగేసరికి తెల్లవారి లేవగానే వేళ్లు ముడవడం కష్టమై, చీర కుచ్చిళ్లు పెట్టుకోవడానికే పావుగంట పట్టేది. సముద్రపు గాలి పడకనే ఈ కీళ్ల నొప్పులని విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇరుగుపొరుగువారు తేల్చేశారు. నలభై ఏళ్లుగా ఆ గాలే పీలుస్తున్న నేనూ కొన్నాళ్లు నమ్మాను. ఈస్ట్రోజెన్ బాగా తగ్గిపోవడం వల్ల ఈ మాత్ర వాడే చాలామందికి ఇలా అవుతుందని తెలిశాక, ఎవరికీ చెప్పకుండా పదకొండు రోజులు లెట్రోజోల్ మానేశాను. అందుకే, దాన్ని మానకుండా ఏది నన్ను నిలబెట్టిందన్న లెక్కతోనే ఈ నొప్పి మాత్రలను తూచుతున్నాను.

డోలో 650 పగటి పనులకు సరిపోయేది కాని ఉదయపు బిగుతును కదిలించలేదు. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చిన డైక్లోఫెనాక్ పది రోజులు అద్భుతంగా పనిచేసింది. నెల తిరక్కుండానే కడుపులో మంట, పాదాల వాపు మొదలై, అదుపులో ఉన్న బీపీ కూడా పెరిగింది. బీపీ మాత్రలు వేసుకుంటూ దీన్ని రోజూ మింగితే మూత్రపిండాలు ఏమవుతాయని వైద్యురాలు కోప్పడ్డారు.

చంకలోనూ చేతి లోపలివైపూ వచ్చే మంట వేరు. శస్త్రచికిత్సలో చంకలోని లింఫు గ్రంథులు తీసేటప్పుడు దెబ్బతిన్న నరం వల్ల వచ్చే ఆ నొప్పికి ఈ రెండు మాత్రలూ పనికిరాలేదు. రాత్రిపూట ప్రీగాబాలిన్ 75తో నిద్ర పట్టింది కాని, పొద్దున్న మగత వదిలేది కాదు, ఆరు నెలల్లో నాలుగు కిలోలు పెరిగాను. అన్నవరం వెళ్లినప్పుడు మాత్రలు ఇంట్లో మరచి రెండు రాత్రులు చెమటలతో కూర్చున్నాక, దీన్ని ఒక్కసారిగా ఆపకూడదని తెలిసింది. ట్రమడాల్ తల తిప్పి, వాంతులు తెప్పించింది. నాలుగో రోజే మానేశాను.

డులోక్సెటిన్ రాసినప్పుడు, అది దిగులుకు ఇచ్చే మందని చదివి చిన్నబుచ్చుకున్నాను. నొప్పిని మెదడుకు చేర్చే నరాల దారిలోనూ అది పనిచేస్తుందని వివరించాక ఒప్పుకున్నాను. మొదటి వారం 30, తరువాత 60 మిల్లీగ్రాములు. తొలి రోజుల్లో వికారం, నోరెండిపోవడం ఉన్నా, నాలుగో వారానికి పిడికిలి బిగించగలిగాను. లెట్రోజోల్ వంటి మాత్రలు వాడుతున్న 299 మంది మహిళలపై అమెరికాలో జరిగి, 2018లో ప్రచురితమైన పరీక్షలోనూ పన్నెండు వారాలకు ఉత్తుత్తి మాత్ర కంటే దీనితోనే నొప్పి ఎక్కువ తగ్గింది. అయితే తేడా పెద్దది కాదు, మందు ఆపాక అదీ నిలవలేదు. మోతాదు తగ్గించి చూసినప్పుడు నాకూ నొప్పి తిరిగి వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కే ఇచ్చే మరో మాత్ర టామోక్సిఫెన్ వాడేవారు నా చీటీని అనుసరించవద్దు: ఆ మందు శరీరంలో పనిచేసే రూపంలోకి మారడాన్ని డులోక్సెటిన్ కొంత అడ్డగించవచ్చు.

మాత్ర కాదు గనుక బీచ్ రోడ్డు నడకకు ఈ సమీక్షలో చోటు లేదేమో. వాహనాలు ఆపే ఉదయపు వేళ మొదటి పది నిమిషాలు మోకాళ్లు మొరాయించినా, తరువాత దారికి వస్తాయి.

ఇప్పుడు లెట్రోజోల్ నాలుగో ఏడు నడుస్తోంది. ఆ పదకొండు రోజుల తరువాత ఒక్క పూట తప్పలేదు. ఊరగాయ సీసా మూత మాత్రం ఇప్పటికీ మా వారే తీస్తారు.