30 బాత్‌ల వైద్యమా, తలుపు తట్టే మనిషా? మన పల్లెలకు ఏది మేలు?

పేదలకు వైద్యం అందడం గురించి ఎక్కడ మాట్లాడినా చివరికి ఇదే ప్రశ్న వస్తోంది. థాయ్‌లాండ్‌ను చూసి నేర్చుకోవాలా, బ్రెజిల్‌ను చూసి నేర్చుకోవాలా? వరంగల్, ములుగు, భూపాలపల్లి పల్లెలకు ఏది సరిపోతుంది? నాకు తోచింది రాస్తున్నాను.

థాయ్‌లాండ్‌ది తక్కువ పద్ధతేమీ కాదు. 2002 నాటికి దేశమంతా అమలైంది. దవాఖానకు పోతే చేతి నుంచి 30 బాత్‌లు (బాత్ అంటే అక్కడి రూపాయి లాంటిది) కడితే చాలు, మిగతాది సర్కారు చూసుకుంటుంది. వైద్యం ఖర్చుతో చితికిపోయే కుటుంబాలు అక్కడ బాగా తగ్గాయి. అయితే మనవాళ్లు మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆ పథకం రావడానికి చాలా ఏళ్ల ముందే అక్కడ జిల్లాల్లో చిన్న ఆస్పత్రులు కట్టారు. చదువు అయిన డాక్టర్లు కొన్నేళ్లు పల్లెల్లో పనిచేయాలన్న నిబంధన 1970ల నుంచే ఉంది. ముందు దవాఖాన, తర్వాత పథకం.

మనకు 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబర్‌లో దాని పరిమితి 10 లక్షలకు పెంచారు. ఆపరేషన్ దాకా వచ్చినవాళ్లకు అది నిజంగా ప్రాణం పోసేదే. నా బాధంతా అక్కడి దాకా రాకముందు సంగతి గురించే.

మా పెద్దమ్మది పరకాల దగ్గర ఒక ఊరు. పత్తి ఏరే రోజుల్లో ఒక పొద్దున ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. బీపీ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఎప్పుడూ చూపించుకున్నది లేదు. ఎందుకు చూపించుకోలేదంటే, చేన్ల పని ఉన్న రోజు దవాఖానకు పోతే ఆ రోజు కూలి పోతుంది, ఆటో కిరాయి మీద పడుతుంది. డాక్టర్ ఫీజు ఆమె లెక్కలోనే లేదు. అందుకే 30 బాత్‌లు కాదు, పూర్తిగా ఉచితం అన్నా ఆమె పోయేది కాదు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే: మనిషి దవాఖానకు పోవాలా, దవాఖానే మనిషి దగ్గరకు రావాలా?

బ్రెజిల్ రెండోది పట్టుకుంది. 1987లో సియారా రాష్ట్రంలో కరువు వస్తే, కరువు పని కింద పల్లె ఆడవాళ్లను ఆరోగ్య కార్యకర్తలుగా పెట్టుకున్నారు. గుంటలు తవ్వించడానికి బదులు ఇల్లిల్లూ తిప్పించారు. 1994 నుంచి డాక్టర్, నర్సుతో పాటు వీళ్లనూ ఒక టీమ్ చేసి దేశమంతా పెట్టారు. ఒక్కో కార్యకర్త కింద 750 మందికి మించకూడదు. ఆమె అదే వాడలో ఉండే మనిషై ఉండాలి. జబ్బు ఉన్నా లేకపోయినా నెలకోసారి ప్రతి ఇంటికీ పోవాలి. ఈ పద్ధతి బాగా నాటుకున్న చోట్ల పక్షవాతం, గుండె జబ్బుల చావులు తగ్గాయని 2014లో వచ్చిన పరిశోధన చెప్పింది. అది చదివినప్పుడు నాకు పెద్దమ్మే గుర్తొచ్చింది. 2021లో లండన్‌లోని పిమ్లికో వాడలో కూడా ఇదే పద్ధతి మొదలుపెట్టారు. ధనిక దేశమే బ్రెజిల్‌ను చూసి నేర్చుకుంటుంటే మనకు మొహమాటం దేనికి?

పెద్దమ్మ దవాఖాన నుంచి ఇంటికి వచ్చాక జరిగింది కూడా చెప్పాలి. ఊరి ఆశా ఒకరోజు మంచం అంచున కూర్చుని అడిగింది. "గోలీలు ఏసుకుంటున్నవా పెద్దమ్మా?" "ఏసుకుంటున్న బిడ్డా." "ఏది, సూపియ్యి." దిండు కింద నుంచి స్ట్రిప్ తీసింది. పది రోజుల గోలీలు, కొని ఇరవై రోజులైంది, ఇంకా ఆరు మిగిలే ఉన్నాయి. "తలకాయ నొయ్యని నాడు గోలి ఎందుకు బిడ్డా?" అంది పెద్దమ్మ. ఈ మాట ఏ డాక్టర్ ముందూ అనేది కాదు. ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, దిండు కింద చూసిన మనిషికే తెలిసింది.

మిగతా దేశాల పద్ధతుల గురించి రెండు ముక్కలు. రువాండాలో 2016 నుంచి డ్రోన్లతో రక్తం పంపిస్తున్నారు, వాన కాలంలో ఏటూరునాగారం అడవి ఊళ్లకు పనికొచ్చేదే, కానీ బీపీ చూసేది డ్రోన్ కాదు. జింబాబ్వేలో అమ్మమ్మలు బెంచీ మీద కూర్చోబెట్టుకుని మనసు బాధ వింటారు. మంచి ఆలోచన, ఇంటింటికీ పోయే మనిషి ఉంటే ఇదీ ఆమెకే నేర్పవచ్చు.

అసలు అంత దూరం ఎందుకు, కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే గడ్చిరోలి జిల్లా. డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ అక్కడి పల్లె ఆడవాళ్లకు పసిపిల్లలను ఇంట్లోనే చూసుకోవడం నేర్పి, శిశు మరణాలు బాగా తగ్గించారు. 1999లో అది లోకానికి తెలిసింది. తర్వాత మన ఆశాలు బాలింతల ఇళ్లకు 42వ రోజు దాకా పోయే పద్ధతి అక్కడి నుంచి వచ్చిందే.

అంటే బ్రెజిల్ పద్ధతిలో సగం మన దగ్గర 2005 నుంచే ఉంది. లేనిది జీతం. బ్రెజిల్ 2022లో ఏకంగా రాజ్యాంగాన్ని సవరించి, ఈ కార్యకర్తలకు కనీస వేతనానికి రెండింతలకు తగ్గకుండా ఇవ్వాలని రాసుకుంది. మన ఆశాకు వచ్చేది పారితోషికం, అందులో చాలావరకు పనికింత అని. పనికో రేటు పెడితే కాళ్లు రేటు ఉన్న పని వైపే ముందు పోతాయి, అది ఆమె తప్పు కాదు. బ్రెజిల్ పద్ధతి తెద్దాం అని ఎవరన్నా నేను ముందు అడిగేది ఇదే: ఏ జబ్బూ లేని ఇంటి తలుపు తట్టినందుకు ఆమెకు నెల జీతం ఇస్తారా?