పడవ ఇంజను తాళం: పది నెలలు వాడాక

నిరుడు కార్తీకంలో మా పడవ ఇంజను పోయింది. కృష్ణ ఒడ్డున సీతానగరం వైపు రేవులో రాత్రి పడవ కట్టేసి ఇంటికెళ్లాం. తెల్లారి వచ్చి చూస్తే వెనక చెక్క మీద మరలు నొక్కిన రెండు గుండ్రటి గుర్తులే మిగిలాయి. అవుట్‌బోర్డ్ ఇంజను, అంటే పడవ వెనక బయట తగిలించేది, చెక్కను పట్టుకుని ఉండేది రెండు చేతిమరలతోనే కదా. తిప్పారు, ఎత్తారు, పోయారు. స్టేషన్లో సీరియల్ నంబరు అడిగితే నేనూ మా బావమరిదీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంజనుని చెక్కకి పట్టి ఉంచే బ్రాకెట్ మీద రేకులో ఉంటుంది ఆ నంబరు. ఇంజను ఉండగానే ఫొటో తీసుకోండి.

సెకండ్‌హ్యాండ్‌లో ఇంకోటి కొన్నాం. అదీ 9.9 హార్స్‌పవరే, నలభై కిలోల దాకా ఉంటుంది. మొదటి నెల రోజూ సాయంత్రం విప్పి ఇంటికి మోశాం. నడుం పట్టేశాక, ఆన్‌లైన్‌లో 2,650 రూపాయలకి ఈ తాళం తెప్పించాను.

పొడుగునా చీలిక ఉన్న స్టీలు గొట్టం ఇది. రెండు మరల పిడులనూ అడ్డంగా ఒకే వరసలోకి తెచ్చి, పక్కనుంచి గొట్టం తోసి, చివర తాళం వేయాలి. ఇక మర తిరగదు. చెప్పడానికి తేలికే. మా ఇంజనుకి ఒక పిడి అడ్డంగా ఆగేసరికి మర వదులు, బాగా బిగిస్తే పిడి నిలువు! చివరికి ఆ మర కింద పల్చటి అల్యూమినియం రేకు పెడితే కుదిరింది. ఇంజను అదురుకి గొట్టం గలగలలాడేది, లోపల పాత సైకిల్ ట్యూబు ముక్క దూర్చాను.

అసలు తలనొప్పి వరదల్లో వచ్చింది. బ్యారేజీ గేట్లు ఎత్తే రోజుల్లో నీళ్లన్నీ ఒండ్రే. తాళంలోకి మట్టి దూరి చెవి తిరగలేదు. కొబ్బరినూనె పోశాను, మట్టి ఇంకా గట్టిగా అంటుకుంది. ఆటోనగర్‌లో లేత్ పని చేసే బాబాయ్ నవ్వి, కిరసనాయిలుతో కడిగి పెన్సిల్ ముల్లు గీకిన పొడి వేయమన్నాడు. అప్పట్నుంచి పేచీ లేదు. గ్రైండరుతో కోస్తే ఆగుతుందా అని కూడా అడిగాను. "ఏదీ ఆగదురా, కానీ రాత్రిపూట ఆ చప్పుడు కొండ మీద అమ్మవారికి కూడా వినిపిస్తుంది" అన్నాడు.

తాళం కాపాడేది పిడుల్నే, చెక్కని కాదు. చెక్క పుచ్చిందంటే ఇంజను తాళంతో సహా ఊడి వస్తుంది. అందుకే బ్రాకెట్‌కి ఉన్న రంధ్రంలోంచి చెక్క అవతలికి బోల్టు దింపి నట్టు బిగించాం, నట్టు ఊడదీయలేకుండా బోల్టు చివర సుత్తితో కొట్టి దాని మరచుట్లు చెడగొట్టాం. చుట్టూ ఎంసీల్ పూశాం. ఇంజను విప్పాల్సి వస్తే ఆ బోల్టు కోయాల్సిందే, దానికి సిద్ధపడ్డాం.

స్టీలు 304 రకమన్నారు. కృష్ణ నీళ్లకి చాలు, అతుకు దగ్గర మాత్రం కొంచెం తుప్పు చుక్కలు. సముద్రంలో తిప్పేవాళ్లు 316 రకం చూసుకోండి.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది తాళంచెవుల కోసం. ఇచ్చినవి రెండే, అవి గుండ్రటి గొట్టం రకం. మారు చెవులు చేసేవాళ్లని ముగ్గుర్ని అడిగాను, ముగ్గురూ తల అడ్డంగా ఊపారు. ఒకటి ఇప్పటికే కృష్ణలో ఉంది. రెండోదానికి మా బావమరిది పిడికిలంత థర్మోకోల్ ముక్క కట్టాడు, జేబులో పట్టి చావదు.